ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు: అమ్మాయిల కాళ్ళలో స్ట్రెస్ ఫ్రాక్చర్ కథ

2022 ఆగస్టు 8. బర్మింగ్‌హామ్. కామన్వెల్త్ గేమ్స్ బ్యాడ్మింటన్ ఫైనల్. పి.వి. సింధు ఎడమ కాలికి పట్టీ వేసుకుని కోర్టులోకి దిగింది. అవతల కెనడా ప్లేయర్ మిషెల్ లీ. 21-15, 21-13. రెండు గేముల్లో మ్యాచ్ ఫినిష్. గోల్డ్ మెడల్. మనందరం వాట్సాప్ స్టేటస్‌లు పెట్టేసుకున్నాం. నేనూ పెట్టాను.

వారం తిరక్కుండానే ఇంకో వార్త వచ్చింది. అదే నెలలో టోక్యోలో జరగాల్సిన వరల్డ్ ఛాంపియన్‌షిప్ నుంచి సింధు తప్పుకుంది. కామన్వెల్త్ క్వార్టర్ ఫైనల్లోనే నొప్పి మొదలైందట. దాంతోనే సెమీస్ ఆడింది, ఫైనల్ ఆడింది. హైదరాబాద్ వచ్చి ఎమ్మారై తీయించుకుంటే ఎడమ కాలి పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. మళ్ళీ టోర్నమెంట్లోకి వచ్చింది 2023 జనవరిలో. ఆమెకిది మొదటిసారి కూడా కాదు. 2015లోనూ అదే ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో కొన్ని నెలలు ఆటకి దూరమైంది. ఆ తర్వాతి ఏడాదే రియోలో సిల్వర్ కొట్టింది.

నమస్తే అందరికీ. ఈ ఎపిసోడ్ ఆ పగులు గురించి. పడలేదు, గుద్దుకోలేదు, ఎవరూ కొట్టలేదు. మరి ఎముక ఎలా పగిలింది? ఈ ప్రశ్నకి నూట డెబ్బై ఏళ్ళ హిస్టరీ ఉంది. ఆ హిస్టరీలో ఎక్కువ కాలం అమ్మాయిలు లేరు. వాళ్ళని అడగాల్సిన ఒక్క ప్రశ్న చాలా లేటుగా అడిగారు. మా ఇంట్లో అయితే ఇంకా లేటుగా అడిగారు. ఆ అడగని వాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు మా ఇంటి సంగతి చెప్పేస్తాను. మాది శ్రీకాకుళం. మా పిన్ని కూతురు కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అయింది. ఏపీలో 2022 నవంబర్‌లో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ పడింది గుర్తుందా? 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయ్యాయి. ఆ తర్వాత ఈవెంట్స్ వాయిదా పడుతూ పడుతూ 2024 డిసెంబర్ ఆఖరికి వచ్చాయి. దాదాపు రెండేళ్ళ గ్యాప్. మా చెల్లి ఆ గ్యాప్‌లో రన్నింగ్ మానేసింది. డేట్ అనౌన్స్ అవగానే నాకు ఫోన్ చేసింది. "అన్నియ్యా, 1600 మీటర్లు కొట్టాలి, ఏదో ఒక ప్లాన్ ఇయ్యి" అంది.

నేను బీటెక్, సాఫ్ట్‌వేర్‌లో పని చేసొచ్చినవాణ్ణి. ప్లాన్ అంటే నాకు ఎక్సెల్ షీట్. ఆరు వారాల షీట్ చేసి పంపాను. మొదటి వారం రోజుకి 3 కిలోమీటర్లు, రెండో వారం 5, మూడో వారం 8. ఆదివారం కూడా సెలవు లేదు. కలర్ కోడింగ్ కూడా చేశాను. చాలా బాగా చేశాననుకున్నాను.

నాలుగో వారంలో మెసేజ్. "అన్నియ్యా, కాలు నొప్పెడతంది. మోకాలి కింద, ఒక్క దగ్గరే." పిన్ని ఆముదం కాచి రాసింది. ఎవరో చెబితే కట్టు కట్టించారు. ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్నారు కదా అని నేను, నేనే, "అయితే కంటిన్యూ చెయ్, పెయిన్ స్ప్రే కొట్టుకో" అన్నాను. ఇంకో పది రోజులు పరిగెత్తింది. ఆ తర్వాత మెట్లు దిగలేకపోయింది. వైజాగ్ తీసుకెళ్ళి ఎమ్మారై చేయిస్తే టిబియా ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్. ఈవెంట్స్ రోజున ఇంట్లో మంచం మీద ఉంది.

తన పర్మిషన్ తీసుకునే ఇది చెప్తున్నాను. "పేరు ఎయ్యకు, సంగతి మాత్రం సెప్పు" అంది. సరే, అసలు ఇది ఏంటో చూద్దాం.

మన ఎముక రాయి కాదు. అది రోజూ రిపేర్‌లో ఉండే రోడ్డు లాంటిది. మున్సిపాలిటీ వాళ్ళు రోడ్డు వేసేటప్పుడు ఏం చేస్తారు? ముందు పాతది తవ్వేస్తారు, తర్వాత కొత్తది నింపుతారు. ఎముకలో కూడా అంతే. తవ్వే కణాలు వేరు, నింపే కణాలు వేరు. తవ్వడానికి రెండు మూడు వారాలు చాలు. పూర్తిగా నింపి గట్టిపడటానికి మూడు నెలల పైన పడుతుంది. అర్థమైందా ప్రాబ్లం? కొత్తగా పరుగు మొదలెట్టిన మూడో వారానికో నాలుగో వారానికో ఎముకలో గోతులు తవ్వి ఉంటాయి, ఇంకా నింపలేదు. సరిగ్గా ఆ టైమ్‌లో మనం లారీల సంఖ్య పెంచేస్తాం. నా ఎక్సెల్ షీట్‌లో మూడో వారం రోజుకి 8 కిలోమీటర్లు ఉందని చెప్పాను కదా. అదన్నమాట.

మొదట్లో ఆ పగులు వెంట్రుక కంటే సన్నంగా ఉంటుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. ఎముక మానడం మొదలుపెట్టి కొత్త పొర వేశాకే ఎక్స్‌రేకి దొరుకుతుంది. ఎమ్మారైలో ముందే తెలుస్తుంది. కాబట్టి ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఏమీ లేనట్టు కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు హిస్టరీలోకి వెళ్దాం. 1855. ప్రష్యా, అంటే ఇప్పటి జర్మనీ వైపు. బ్రైట్‌హాప్ట్ అనే ఆర్మీ డాక్టర్ ఒక విషయం రాశాడు. కొత్తగా చేరిన సైనికులు మైళ్ళకి మైళ్ళు మార్చింగ్ చేశాక పాదాలు వాచిపోతున్నాయి, నొప్పెడుతున్నాయి. దెబ్బ తగల్లేదు. మరి ఏంటి? ఎముక పగిలిందని ఆయనకి తెలీదు. చుట్టూ ఉన్న స్నాయువుల (టెండన్ల) పొరలు వాచాయనుకున్నాడు. ఆయన తప్పు కాదు, చర్మం లోపల చూసే మెషీన్ అప్పటికి లేదు.

1895 నవంబర్‌లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1897లో, అదే సైనికుల పాదాలకి ఎక్స్‌రే తీసి చూశారు. పాదం ముందు భాగంలో వేళ్ళకి వెళ్ళే ఎముకలు పగిలి ఉన్నాయి. అప్పటిదాకా 'మార్చ్ ఫుట్' అన్న జబ్బు 'మార్చ్ ఫ్రాక్చర్' అయింది. గమనించండి, నలభై రెండేళ్ళ పాటు అది ఉంది, కానీ చూపించే సాధనం లేదు. సైనికుడు కుంటుతుంటే నాటకాలాడుతున్నాడని అనుకోవడం చాలా ఈజీ.

తర్వాత అర్ధ శతాబ్దం పాటు ఇది మిలిటరీ జబ్బుగానే ఉండిపోయింది. 1950లలో బ్రిటన్‌లో డేవాస్ అనే సర్జన్ అథ్లెట్ల మీద దృష్టి పెట్టాడు. 1958లో ఆయన పేపర్ వచ్చింది. రన్నర్లు 'షిన్ నొప్పి' అని తేలిగ్గా తీసేసే దాంట్లో కొన్ని కేసులు నిజానికి టిబియాలో పగుళ్ళని చూపించాడు. అలా సైనికుడి జబ్బు ఆటగాడి జబ్బు కూడా అయింది.

మరి ఆటగత్తె? ఆవిడ ట్రాక్ మీద ఉంటే కదా! 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి 800 మీటర్ల పరుగు పెట్టారు. రేస్ అయ్యాక కొందరు అలసిపోయి పడుకున్నారు. ఏ రేస్ తర్వాతైనా పడుకుంటారు కదా? కానీ పేపర్లు మాత్రం ఆడవాళ్ళు కుప్పకూలిపోయారని గోల చేశాయి. ఆ ఈవెంట్ తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. ముప్ఫై రెండేళ్ళు! ఆడవాళ్ళ మారథాన్ అయితే 1984 దాకా ఒలింపిక్స్‌లోనే లేదు. పరిగెత్తనివ్వకపోతే వాళ్ళ ఎముకల గురించి స్టడీ ఎక్కడ నుంచి వస్తుంది?

మన వైపు చూద్దాం. మన ఉత్తరాంధ్రలో బలం అంటే ఎవరి పేరు చెప్తారు? కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న మల్లయోధుడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. మా చెల్లి లాంటి వాళ్ళు బలం అంటే మగాడి ఫోటో చూస్తూనే పెరిగారు. అమ్మాయి బరువులెత్తితే ఒళ్ళు పాడవుతుందని, రేపు పిల్లలు పుట్టరని చెప్పే పెద్దవాళ్ళని మీరూ చూసే ఉంటారు.

ఆ మాటకి మన జిల్లానే సమాధానం చెప్పింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. అక్కడ పెరిగిన కరణం మల్లీశ్వరి, కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. 1994లో, 1995లో వరల్డ్ ఛాంపియన్. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి బ్రాంజ్ తెచ్చింది. ఒలింపిక్ మెడల్ గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడాది. విజయనగరం జిల్లా కొండవెలగాడ అయితే లిఫ్టర్ల ఊరుగానే పేరు తెచ్చుకుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కిలోల విభాగంలో మెడల్ గెలిచింది. మొదట బ్రాంజ్. గోల్డ్ గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది సిల్వర్ అయింది.

వీళ్ళని ఎందుకు తెచ్చానంటే, బరువు ఎముకకి శత్రువు కాదు. 1892లో వూల్ఫ్ అనే జర్మన్ సర్జన్ ఒక సూత్రం చెప్పాడు. ఎముక తన మీద పడే భారాన్ని బట్టి తనని తాను మార్చుకుంటుంది. భారం నెమ్మదిగా పెంచి, టైమ్ ఇచ్చి, తిండి పెడితే గట్టిపడుతుంది. ఇక్కడ మూడు కండిషన్లున్నాయి. నెమ్మదిగా, టైమ్ ఇచ్చి, తిండి పెడితే. ఒక్కటి తప్పినా లెక్క తిరగబడుతుంది.

అది తిరగబడటం పెద్ద స్కేల్‌లో కనపడింది 1976లో. అమెరికా ఆర్మీ అకాడమీ వెస్ట్ పాయింట్ ఆ ఏడాది మొదటిసారి అమ్మాయిల్ని చేర్చుకుంది. మగవాళ్ళతో పాటే ట్రైనింగ్. మరుసటి ఏడాది అక్కడి డాక్టర్లు రాసిన లెక్క: స్ట్రెస్ ఫ్రాక్చర్లు మగ కేడెట్లలో 1 శాతం, అమ్మాయిల్లో 10 శాతం. పది రెట్లు.

ఈ నంబర్ చూడగానే ఎవరైనా ఏమంటారు? "చూశారా, ఆడవాళ్ళ ఎముకలు వీక్, ఇది వాళ్ళ పని కాదు." మళ్ళీ 1928 మాటే. కానీ ఇలాంటి లెక్క చూసి ఇంకొక ప్రశ్న అడగొచ్చు. ఆ అమ్మాయిలు అంతకుముందు ఎంత పరిగెత్తారు? వాళ్ళ అడుగు ఎంత పొడుగు? వాళ్ళు ఎంత తింటున్నారు? ఇంకా అసలైనది, నెల నెలా పీరియడ్స్ వస్తున్నాయా?

చివరి ప్రశ్నకి గట్టి జవాబు 1984లో వచ్చింది. అమెరికాలో బార్బరా డ్రింక్‌వాటర్ అనే సైంటిస్టు, టీమ్‌తో కలిసి రెండు గ్రూపుల అథ్లెట్లని పోల్చింది. ఒక గ్రూపుకి పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయి, ఇంకో గ్రూపుకి ఆగిపోయాయి. రెండు గ్రూపులూ కష్టపడి ట్రైనింగ్ చేసేవాళ్ళే. పీరియడ్స్ ఆగిపోయిన వాళ్ళ వెన్నెముకలో ఎముక సాంద్రత బాగా తక్కువ. ఎంత తక్కువంటే, సగటున పాతికేళ్ళ అమ్మాయిలకి యాభై దాటిన ఆవిడకి ఉండేంత. అప్పటిదాకా చాలామంది కోచ్‌లు ఏమనేవాళ్ళు? పీరియడ్స్ ఆగాయంటే ట్రైనింగ్ బాగా జరుగుతోందని. అమ్మాయిలు కూడా హమ్మయ్య, ఒక తలనొప్పి పోయింది అనుకునేవాళ్ళు. ఆ హమ్మయ్య వెనక ఎముక కరిగిపోతోంది.

ఎందుకలా? మీ ఫోన్ బ్యాటరీ 15 శాతానికి పడిపోతే ఏం చేస్తుంది? పవర్ సేవింగ్ మోడ్. కాల్స్ వస్తాయి, కానీ బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ అన్నీ ఆపేస్తుంది. ఒళ్ళు కూడా అంతే. తిండి తక్కువ, పరుగు ఎక్కువ అయితే మెదడు లెక్కేసుకుంటుంది. గుండె, ఊపిరి ఆపలేను. ఇప్పుడు అర్జెంట్ కానివి ఏవి? పిల్లల్ని కనే ఏర్పాటు. దాన్ని ఆపేస్తుంది. దాంతో ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఎముకలో తవ్వే కణాల్ని అదుపులో పెట్టేది ఈస్ట్రోజెనే. అదుపు పోయాక తవ్వకం ఆగదు, నింపడానికి సరుకు ఉండదు.

1992లో అమెరికాలో స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణులు దీనికి ఒక పేరు పెట్టారు: ఫిమేల్ అథ్లీట్ ట్రయాడ్. తిండి తగ్గడం, పీరియడ్స్ ఆగడం, ఎముక బలహీనపడటం, ఈ మూడూ ఒకే తీగకి కాసిన కాయలని. 2014లో ఇంటర్నేషనల్ ఒలింపిక్ కమిటీ దీన్ని ఇంకా పెద్దది చేసింది. తిండికీ శ్రమకీ మధ్య లోటు వస్తే గుండె, ఇమ్యూనిటీ, మూడ్, ఎముక అన్నీ దెబ్బతింటాయి, మగ ఆటగాళ్ళకీ ఇది వస్తుంది అని చెప్పింది. దాన్ని షార్ట్‌గా 'రెడ్స్' అంటారు.

ఇక్కడొక మాట. స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చిన ప్రతి అమ్మాయీ తిండి మానేసిందని కాదు. లోడ్ ఒక్కటి చాలు ఎముక పగలడానికి. అందుకే బ్యాడ్మింటన్, క్రికెట్ ఫాస్ట్ బౌలింగ్ లాంటి వాటిల్లో బాగా తినేవాళ్ళకీ వస్తుంది. కానీ తిండి కూడా తక్కువైతే తక్కువ లోడ్‌కే పగులుతుంది.

ఎంత తక్కువ అయితే తక్కువ? దీనికీ ఒక లెక్క ఉంది. ఆన్ లౌక్స్ అనే సైంటిస్టు 2003లో ప్రచురించిన స్టడీ. ఒంట్లో కొవ్వు తీసేయగా మిగిలిన బరువులో కిలోకి 30 క్యాలరీల కంటే కిందికి పడితే, అయిదంటే అయిదు రోజుల్లోనే పీరియడ్స్‌ని నడిపే హార్మోన్ సిగ్నల్ దెబ్బతినడం మొదలైంది. అది కూడా వ్యాయామంలో ఖర్చయినది తీసేశాక మిగిలే తిండి. ఆరోగ్యంగా ఉండాలంటే 45 దగ్గర ఉండాలి.

చేసి చూద్దాం. 50 కిలోల అమ్మాయి. కొవ్వు పోగా 38 కిలోలు అనుకుందాం. 38 ఇంటూ 30 అంటే 1,140. పరుగుకి కిలోమీటరుకి, కిలో బరువుకి దాదాపు ఒక క్యాలరీ ఖర్చు. 8 కిలోమీటర్లకి 400. మొత్తం 1,540. ఇది డేంజర్ లైన్. సేఫ్‌గా ఉండాలంటే 38 ఇంటూ 45, ప్లస్ 400, అంటే 2,110.

మా చెల్లి ఏం తింటోంది? పొద్దున్న టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం, చారు. రాత్రి రెండు చపాతీలు. బరువు తగ్గితే స్పీడ్ వస్తుందని ఎవరిదో రీల్ చూసింది. ఎలా లెక్కేసినా అది 1,200 దాటదు. నా ఎక్సెల్ షీట్‌లో కిలోమీటర్ల కాలమ్ ఉంది, టైమింగ్ కాలమ్ ఉంది, తిండి కాలమ్ లేదు.

వైజాగ్‌లో ఎమ్మారై చూశాక డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న కాలు గురించి కాదు. "లాస్ట్ పీరియడ్ ఎప్పుడమ్మా?" అని. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను, మొహమాటంతో. తర్వాత పిన్ని చెప్పింది, అయిదు నెలలైందట. అంటే నా షీట్ కంటే ముందే మొదలైంది. తనకి తెలుసు. పరీక్ష టెన్షన్ అనుకుంది. పిన్నికి చెప్పలేదు. చెప్పినా ఎవరం ఏం చేసేవాళ్ళమో నాకు డౌటే. సింధు పాదం గురించి దేశమంతా మాట్లాడుకుంది, మా ఇంట్లో మా చెల్లి నెలసరి గురించి మాత్రం ఎవరం మాట్లాడుకోలేదు.

దీనికి తోడు మన రాష్ట్రంలో ఇంకో సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. అంటే స్టార్టింగ్ లైన్ దగ్గర నిలబడేసరికే సగం మంది బ్యాటరీ తక్కువతో ఉన్నారు. వాళ్ళలోనే పోలీస్, ఆర్మీ, నేవీకి పరిగెత్తేవాళ్ళున్నారు. ఆర్మీ మిలిటరీ పోలీస్‌లో మొదటి మహిళా జవాన్ల బ్యాచ్, 83 మంది, 2021లో బయటికొచ్చింది. మన పక్కనే ఒడిశాలో ఐఎన్ఎస్ చిల్కా నుంచి మొదటి మహిళా అగ్నివీరులు 2023 మార్చిలో పాస్ అవుట్ అయ్యారు. పొద్దున్న అయిదింటికి శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద బూట్ల చప్పుడు వింటే తెలుస్తుంది, ఎంతమంది గుంటలు ఆ కలతో లేస్తున్నారో.

అయితే వాళ్ళని పరిగెత్తొద్దని చెప్పాలా? అస్సలు కాదు. ఇక్కడే నాకు బాగా నచ్చిన చాప్టర్ ఉంది. ఆస్ట్రేలియా ఆర్మీ. 1990లలో అక్కడ మహిళా రిక్రూట్లలో కటి ఎముక స్ట్రెస్ ఫ్రాక్చర్లు 11.2 శాతం దాకా వెళ్ళాయి. అక్కడివాళ్ళు అమ్మాయిల్ని మార్చలేదు, ట్రైనింగ్‌ని మార్చారు. మార్చింగ్ స్పీడ్ తగ్గించారు. పొడుగ్గా ఉన్న మగవాడి అడుగుతో అడుగు కలపకుండా ఎవరి అడుగు వాళ్ళని వెయ్యనిచ్చారు. రోడ్డు మీద పరుగుని గడ్డి మీదకి మార్చారు. ఒకే లాగుడుగా కాకుండా కొంచెం పరుగు, కొంచెం గ్యాప్ పెట్టారు. ఫలితం? 11.2 శాతం నుంచి 0.6 శాతానికి పడిపోయింది. వాళ్ళ ఎముకలు అవే, మారింది ప్లాన్.

ఇది చదివిన రోజు నా ఎక్సెల్ ఫైల్ ఓపెన్ చేసి చాలా సేపు చూశాను.

సరే, చివరికి పనికొచ్చే మాటలు. నేను డాక్టర్ని కాదు, ఇవి డాక్టర్ దగ్గరకి ఎప్పుడు వెళ్ళాలో తెలుసుకోవడానికి మాత్రమే.

మోకాలి కింద ఎముక పొడుగునా, చెయ్యంత మేర లాగుతున్నట్టు ఉంటే అది చాలాసార్లు మామూలు షిన్ నొప్పి. ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేలా నొప్పి ఉంటే, ఆ కాలి మీద గెంతినప్పుడు గుచ్చినట్టు ఉంటే, పరుగు ఆపాక కూడా ఉంటే, రాత్రి పడుకున్నా ఉంటే, పరుగు ఆపండి. మాలిష్ వద్దు, గట్టి కట్టు వద్దు. గజ్జల్లో, తొడ పైభాగంలో నొప్పి ఉండి కుంటుతుంటే అస్సలు ఆలస్యం చెయ్యొద్దు. తొడ ఎముక మెడ దగ్గర పగులు పూర్తిగా విరిగితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే, "రెండు వారాలాగి మళ్ళీ తీయించాలా, ఎమ్మారై కావాలా?" అని మీరే అడగండి. ఎమ్మారైకి డబ్బు లేకపోతే, అనుమానం ఉన్నన్నాళ్ళూ విరిగినట్టే అనుకుని రెస్ట్ ఇవ్వండి. టిబియా, పాదం పగుళ్ళు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల రెస్ట్‌తో మానిపోతాయి. అంతకంటే ఎక్కువ పట్టేవీ ఉంటాయి.

మూడు నెలలు వరసగా పీరియడ్స్ రాకపోతే కాలు నొప్పి లేకపోయినా డాక్టర్‌కి చెప్పండి. అది మీ ఎముక పంపించే మొదటి నోటిఫికేషన్. నొప్పి చాలా లేటుగా వస్తుంది.

తిండికి వేలకి వేలు పోసి ప్రోటీన్ డబ్బాలు కొనక్కర్లేదు. మన చోడి అంబలి ఉంది కదా. వంద గ్రాముల చోడి పిండిలో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. ముల్లుతో సహా తినే చిన్న ఎండు చేపలు, ఉలవలు, గుడ్లు, పాలు. పరిగెత్తొచ్చిన గంటలోపు ఏదో ఒకటి కడుపునిండా తినాలి. ఉపవాసంతో స్పీడ్ రాదు.

కోచింగ్ ఇచ్చే అన్నయ్యలకి, పీఈటీ మాస్టార్లకి, ఇంకా నాలాంటి ఎక్సెల్ మేధావులకి: ఒక వారం పెంచితే ఇంకో వారం తగ్గించండి. వారానికి ఒక్కరోజైనా పూర్తి సెలవివ్వండి. రోడ్డు పక్కన మట్టి దారి ఉంటే అక్కడ పరిగెత్తించండి. పీరియడ్స్ గురించి మీరే అడగలేకపోతే, అడగగలిగే అక్కని ఒకరిని గ్రౌండ్‌కి తీసుకురండి. బయటికి వచ్చేసిన నాలాగా మాత్రం చెయ్యకండి.

మా చెల్లి సంగతి అడుగుతారు కదా. కాలు మానింది. తిండి పెరిగాక నాలుగో నెలలో పీరియడ్స్ తిరిగొచ్చాయి. ఇప్పుడు వారానికి నాలుగు రోజులే పరుగు, రెండు రోజులు బరువులు. ప్లాన్ తనే రాసుకుంటోంది, నాకు చూపించడం లేదు. నిన్న ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. "అన్నియ్యా, నెక్స్ట్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుద్ది?"

మీ ఇంట్లో, మీ ఫ్రెండ్స్‌లో గ్రౌండ్‌కి ప్రిపేర్ అవుతున్న అమ్మాయి ఉంటే ఇది పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.